తూటా నింపిన చేయి

"మా ఆయన వేళ్లు తీసింది మీరే! వేటపిచ్చి అంటించారు. తూటాలు ఇంట్లోనే నింపుకోవడం నేర్పారు. నిలువునా ముంచారు కదా మనిషిని!"

హైమావతి గుమ్మంలోనే దులిపేస్తోంది. కోపంలో ఆమె జర్మన్‌కి వ్యాకరణం ఉండదు. అయినా పక్కింటి డీటర్‌కి ప్రతి ముక్కా అర్థమైంది. డెబ్భై దాటిన మనిషి, టోపీ నలుపుకుంటూ నిలబడ్డాడు.

లోపల వాసుదేవరావు కట్టు కట్టిన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని వింటున్నాడు. జర్మనీలోని జార్‌బ్రూకెన్‌లో ముప్ఫై ఏళ్లు కత్తి పట్టిన సర్జన్. కిందటి నెల మొక్కజొన్న చేలో అడవిపంది మీద కాల్చాడు. పందికేమీ కాలేదు, రైఫిలే బద్దలైంది. బొటనవేలూ, పక్కన రెండు వేళ్లూ పోయాయి. ఇక ఆపరేషన్ థియేటర్‌లో అడుగుపెడితే రోగిగానే. తూటాలోని మందులోనే తేడా ఉందని పోలీసులు తేల్చారు. అది ఎవరి పనో మాత్రం తేలలేదు.

"ఇద్దరం కలిసే తూచాం కదా, వాసూ," అన్నాడు డీటర్. "ఒక్క పలుకు ఎక్కువ పోయలేదు. కానీ నా కళ్లు మునుపటిలా లేవు. నేనే పొరబడ్డానేమో. పోలీసులకి అదే చెబుతాను."

"చెప్పొద్దు. నువ్వు పొరబడలేదు."

"మరెవరు?"

వాసుదేవరావు కట్టు సర్దుకున్నాడు. ముసలాయన తల వంచుకుని మెట్లు దిగాడు.

హైమావతి తలుపు ధడేల్మని వేసింది. "ఆయనే ఒప్పుకుంటుంటే మధ్యలో మీ అడ్డమేంటండీ?"

"ఒప్పుకుంటే పోలీసులు తుపాకీ లాక్కుంటారు. వేట లేకపోతే ఆయన బతకడు, హైమా."

"మీరు బతుకుతున్నారా? ఇన్నేళ్లు ఈ దేశంలో ఉండి కూడా తెల్లవాడి ముందు నోరు పెగలదు మీకు!"

"తప్పు నాది. తుపాకీ మందు అలమరకి తాళం వేయడం మరిచాను. అనుమతి లేనివాళ్లెవరూ దాన్ని ముట్టకూడదంటుంది చట్టం."

"తాళం లేకపోతే? తెరిచున్న అలమరలో చేయి పెట్టినవాళ్లది కాదూ తప్పు?"

"తెలియక పెట్టి ఉంటే?"

"తెలియనప్పుడు ముట్టుకోకూడదు! తెలియదంటే మీ వేళ్లు తిరిగొస్తాయా? మీకు చొక్కా గుండీలు నేను పెడుతున్నాను, అన్నం నేను కలిపి పెడుతున్నాను. చేసినవాళ్లు మాత్రం హాయిగా తిరగాలి! జైల్లో కుళ్లాలండీ అలాంటివాళ్లు."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. నెలరోజుల్లో పదేళ్లు మీద పడ్డట్టుంది. కళ్ల కింద నల్లటి చారలు. రాత్రి అతను మూలిగితే చాలు, అతనికంటే ముందు లేచేది ఆమే.

"అలా చూస్తారేం? నోట్లో మాట లేదా?"

"ఉంది. చెప్పి ప్రయోజనం లేదు."

కాలింగ్ బెల్ మోగింది. పదింటికి వస్తానని ముందే చెప్పిన పోలీసు అధికారి నిమిషం తేడా లేకుండా వచ్చాడు.

హైమావతి చీర కొంగు బిగించింది. "లేవండి. ఇవాళ నోరు నొక్కుకుంటే రేపు అడిగే దిక్కుండదు. ఆ మందుని ఎవరు పాడుచేశారో వాళ్ల పేరు చెప్పండి, శిక్ష పడి తీరాలి. నా ముందే చెప్పండి. ఇప్పుడే!"

ఆ వేటకి ముందు, చోటు కలిసొస్తుందని, నెమ్మదిగా కాలేదీ భగ్గున అంటుకునేదీ రెండు రకాల తుపాకీ మందునూ ఒకే డబ్బాలోకి సర్దింది హైమావతే.