క్యాను ఇటు తిప్పి పొయ్యమ్మా

పాల వ్యాను రాక అది పద్దెనిమిదో రోజు.

మహమ్మారి భయానికి హోటళ్ళు మూసేశారు. పాలకేంద్రం వాళ్ళు పాలు వద్దన్నారు. వద్దన్నారని ఆవులు ఇవ్వడం మానవు కదా.

కోడలు చంటిపిల్లను అత్త చేతికిచ్చి, నిండు క్యానును కాలవ గట్టుకు ఈడ్చుకొచ్చింది. కళ్ళు మూసుకుని వంచబోయింది.

"క్యాను కొంచెం ఇటు తిప్పి పొయ్యమ్మా. నిండుగా కనపడాలి."

తలెత్తి చూసింది. గట్టు మీద సైకిలు. ముక్కుదాకా గుడ్డ కట్టుకున్న పెద్దమనిషి. చేతిలో ఫోను.

"ఏం తీస్తున్నావ్?"

"ఫొటోనే తల్లీ. తేదీ కూడా పడుతుంది."

"తేదీ దేనికి? మా కొంప మునిగిన రోజని రాసిపెట్టుకుంటావా?"

వెనకే వచ్చిన అత్త అందుకుంది. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. అలా ఉంది నీ యవ్వారం."

"అది కాదక్కా, రేపు ఆఫీసులో..."

కోడలు ఆ మాట పూర్తికానివ్వలేదు. పద్దెనిమిది రోజుల కోపం చేతిలోకొచ్చింది. ఫోను లాక్కుని క్యానులో పడేసింది.

అతను తిట్టలేదు. మోచేతిదాకా పాలలో చెయ్యి పెట్టి ఫోను తీశాడు. చొక్కాకి తుడిచి నొక్కి చూశాడు. వెలగలేదు. ముందున్న దొడ్ల వైపు ఒకసారి చూసి, సైకిలు వెనక్కి తిప్పాడు.

"పోయింది పీడ," అంది అత్త.

నాలుగు నెలలకు, పారబోసిన పాలకు సర్కారు పాడివాళ్ళకు సాయం ఇస్తోందని తెలిసింది. అప్పటికే దాణా కోసం ఒక ఆవును అమ్మేశారు. సాయం రాకపోతే మిగిలిన మూడింటిదీ అదే దారి.

కోడలు పిల్లనెత్తుకుని ఆఫీసు వరసలో నిలబడింది. వెనక కూడా వాళ్ళ రోడ్డువాళ్ళే.

"పాలు పారబోశామంటున్నారు. రుజువేది?" అన్నాడు గుమస్తా.

"పారబోసిన పాలకి రుజువేంటండీ? కాలవని మోసుకురమ్మంటారా?"

"తేదీ ఉన్న ఫొటో కావాలి. క్యానులో పాలెన్నో కనపడాలి."

ఆమె పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది.

"ముందే చెప్పొచ్చు కదండీ."

"గోడకి అంటించాంగా."

"ఏ గోడకి?"

"ఈ ఆఫీసు గోడకే."

"అప్పుడు ఆఫీసుకి తాళం ఉందిగా."

"లోపలి గోడకి."

నవ్వలేదతను. ఆమె అర్జీ మీద కొట్టేసినట్టు ముద్ర వేశాడు. "ఒకసారి కొట్టేస్తే మళ్ళీ తీసుకోం. మీ రోడ్డులో మొదటి ముప్ఫై దొడ్లవాళ్ళూ ఫొటోలు తెచ్చారు. ఒక సైకిలాయన తిరిగి తీసి, ప్రింట్లు వేయించి ఇంటింటికీ ఇచ్చాడట. మీ దొడ్డి నుంచి ఆ చివరిదాకా ఒక్కరికీ లేవు. ఫోను పాడైందని ఇక్కడ చెప్పి పోయాడు."

వెనక వరసలో ఎవరో "అయ్యో" అన్నారు. ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆ మొహాలు చూడాలి.

తప్పు మింగుడుపడక, కోపమే మళ్ళీ నోటికొచ్చింది.

"ఊరికే తిరుగుతాడా అంత పెద్దమనిషి? ఆయనకెంత ముట్టజెప్పారట?"

"ఆయనకా?" గుమస్తా తర్వాతి కాగితం అందుకుంటూ అన్నాడు, "వ్యాను ఆగిన వారంలోనే, ఈ ఆఫీసుకి తాళం పడకముందు వచ్చిన మొట్టమొదటి అర్జీ ఆయనదే, ఫొటో లేదని నేనే కొట్టేశాను."