పూలమడి ఎదుటి కిటికీ

“ఆపు వదినా! ఆకుల మీద నీళ్లు కొట్టకు!” ఆడపడుచు పరుగున వచ్చి నీళ్ల ట్యూబు లాక్కుంది.

ఆమె బిత్తరపోయింది. “నేనేం తక్కువ చేశానే? గడ్డిపోచ లేకుండా కలుపు పీకుతున్నా, రోజూ తడుపుతున్నా. అయినా ఈ ఐరిస్ పూలమడిలో ఆకుల నిండా మచ్చలే.”

“నీళ్లు చిందితే మచ్చ తెగులు ఆకు నుంచి ఆకుకు పాకుతుంది. అన్నయ్య ఎప్పుడూ మొక్క మొదట్లోనే పోసేవాడుగా. నీకు చెప్పలేదా?”

పక్షవాతంతో మాట పడిపోయిన మనిషి ఎలా చెబుతాడు?

ఆమె కిటికీ వైపు చూసింది. మంచం మీది నుంచి భర్త ఎప్పటిలాగే చెయ్యి ఊపుతున్నాడు. ఆమె ట్యూబు పట్టుకున్నప్పుడల్లా ఊపుతూనే ఉన్నాడు. మురిసిపోతున్నాడనుకుని ఇన్నాళ్లూ ఆమె కూడా నవ్వుతూ చెయ్యి ఊపింది.

ఆడపడుచు కుళాయి కట్టేసింది.

కిటికీలో చెయ్యి మెల్లగా కిందికి దిగింది.