ఒకటికి రెండు

కోచ్‌కి ప్రపంచం రెండుగా కనిపించడం మొదలైంది.

డంబెల్ పక్కన డంబెల్. ఉన్నదాన్ని వదిలేసి లేనిదాన్ని పట్టుకోబోయేవాడు. జిమ్‌కి వచ్చేవాళ్లు మొహం తిప్పుకొని నవ్వుకునేవారు. ఒక కన్ను చేత్తో మూసుకుంటే తప్ప మెట్లు దిగలేడు. పైగా కూర్చుంటే తలపోటు, పడుకుంటే హాయి. పడుకొని వ్యాయామం నేర్పే కోచ్ దగ్గరికి ఎవరొస్తారు?

కళ్ల డాక్టరు కళ్లు భేషుగ్గా ఉన్నాయన్నాడు. వీధి చివర డాక్టరు పని ఒత్తిడన్నాడు.

"ఏ జబ్బో తెలియకపోతే ఒత్తిడి! నాకున్న ఒత్తిడల్లా వీళ్లతోనే!" బయటికి రాగానే కోచ్ మండిపడ్డాడు.

"అరవకండి, తల ఇంకా నొప్పెడుతుంది" అంది భార్య, చెయ్యి పట్టుకొని మెట్లు దింపుతూ.

చివరికి నరాల డాక్టరమ్మ దగ్గరికి వచ్చారు. వరండాలో బెంచీ ఇరుకు. గోడకి తల ఆనించి కూర్చున్నాడు. తలుపు చప్పుడైనప్పుడల్లా "ఇంకా ఎంతసేపు?" అని విసుక్కున్నాడు.

లోపల డాక్టరమ్మ అతని కళ్ల ముందు వేలు అటూ ఇటూ ఆడించింది. ఎడమ కన్ను బయటివైపు తిరగడం లేదు. స్కాన్ ఫిల్ములు వెలుతురుకి ఎత్తి చూసింది. గడ్డ లేదు, ఎక్కడా రక్తం గూడు కట్టలేదు.

"షుగర్ ఉందా? బీపీ? తలకేమైనా దెబ్బ తగిలిందా? ఈమధ్య ఆపరేషన్లేమైనా?"

అన్నిటికీ భార్యే లేదు, లేదని జవాబు చెప్పింది. వెళ్లిన ప్రతిచోటా ఇవే ప్రశ్నలు కాబట్టి ఆమెకి నోటికొచ్చేసింది.

"ఆయనకి జబ్బేంటండీ! మోకాలు బెణికి కూర్చున్నప్పుడు పొట్ట వచ్చింది, అంతే. నెలల తరబడి నాతోపాటు కడుపు మాడ్చుకున్నారు. శిక్షణ శిబిరానికి వెళ్లొచ్చేసరికి మిగిలింది కూడా కరిగిపోయింది. అక్కడే ఏదో వైరస్ తగిలిందేమోనని నా అనుమానం. ఇప్పటికీ నడుం బెల్టు నిద్రలో కూడా విప్పరు. నేనూ అదే తిండి తింటున్నా, అలాగే పరిగెడుతున్నా. వీసమెత్తు తగ్గలేదు. నాకు పట్టుదల లేదంటారు. నిజమేనేమో."

కోచ్ కుర్చీలో అసహనంగా కదిలాడు.

"ఆ సోదంతా ఎందుకిప్పుడు? నాకేమొచ్చిందో చెప్పమను. కొత్త బ్యాచ్ మొదలవబోతోంది. జిమ్ గుమ్మం దగ్గర పొట్ట తగ్గిన నా ఫొటోలు చూసి చేరినవాళ్లు. ఒక్కొక్కరూ ఇద్దరిద్దరుగా కనిపిస్తుంటే ఎవరిని చూసి నేర్పను?"

డాక్టరమ్మ నొచ్చుకోలేదు.

"ఈ లక్షణాలు వింటే నాకు ముందు ఒకటే తోచింది. ఆపరేషన్ కోసం నడుములో మత్తు సూది వేస్తారు కదా. ఒక్కోసారి ఆ చిల్లు పూడక మెదడు, వెన్ను చుట్టూ ఉండే నీరు కారిపోతుంది. అప్పుడు కూర్చుంటే తలపోటు. ఏ వేలమందిలో ఒకరికో కంటి నరం పట్టు తప్పి ఇలా రెండుగా కనిపిస్తుంది. మెల్లగా తగ్గిపోతుంది కూడా. కానీ మీకు ఆపరేషనే జరగలేదంటున్నారు. అంటే ఇంకేదో ఉంది. వెన్నులోంచి కాస్త నీరు తీసి పరీక్ష చేయాలి."

ఆమె నర్సు వైపు తిరిగింది. "సూది సిద్ధం చెయ్యమ్మా. నడుముకి."

"మళ్లీనా?" అన్నాడు కోచ్.

అనేశాక నాలిక కరుచుకున్నాడు.

నర్సు ఆగిపోయింది. డాక్టరమ్మ చేతిలో కలం కింద పెట్టింది.

"మళ్లీ ఏంటండీ?" అంది భార్య.

ఆమె కూడా రెండుగానే కనిపిస్తోంది. రెండు మొహాల్లోనూ అదే కంగారు, అదే అమాయకత్వం. ఏ మొహం చూసి చెప్పాలో తెలియక కోచ్ నేల చూశాడు.

"శిబిరమూ లేదు, నా పట్టుదలా లేదే... నడుముకి మత్తు సూది వేయించుకొని, పొట్టలో కొవ్వంతా గొట్టంతో లాగించుకొచ్చాను."