పెట్రోలు పోయిన దారి

నిండుగా పోసిన పెట్రోలు మాయమైన ఆదివారం పొద్దున, సారంగపాణి ఇంటి ముందర ట్రాలీ మీదున్న పడవ చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. కింద గచ్చు పొడిగానే ఉంది. పడవలో పెట్రోలు చూపే ముల్లు మాత్రం పావు దగ్గర నిలబడింది.

"నిన్న సాయంత్రమే నింపిన గద రాజేశ్వరీ! ఎటు పోయింది?"

"నాకేం ఎరుక? వాసనొస్తాందని వారం నుంచి మొత్తుకుంటనే ఉన్న. ట్యాంకు కారుతాంది కావచ్చు." భార్య ఫ్లాస్కులో చాయ పోస్తూ అంది. "ఉన్నంతల ఒడ్డు పొంట ఒక చుట్టు తిరగున్రి. ముల్లు చూసుకోని పోన్రి."

వరంగల్ బజారులో ఇనుప సామాన్ల దుకాణం నడుపుతూ సగం జీవితం గడిపిన మనిషి సారంగపాణి. గుండెకు స్టెంటు వేశాక దుకాణం అల్లుడికి అప్పగించి, మడికొండలో కొత్తింటికి మారాడు. ఆ నెలలోనే ఎవరో వదిలించుకుంటున్న ఈ చిన్న ఫైబరు పడవను కొన్నాడు. ఒంటరిగా నీళ్ల మీదికి పోవద్దని డాక్టరు చెప్పాడు. రాజేశ్వరికి నీళ్లంటే భయం, పడవ ఎక్కదు. ఆయన వినే రకం కాదు. ఆదివారం వస్తే ట్రాలీని జీపుకు తగిలించి నర్సంపేట అవతలి చెరువుకు పోవాల్సిందే.

ఆయన కోరిక ఒక్కటే. ఆ చెరువుకు అటు ఒడ్డున గుట్టలు నీళ్లలోకి దిగుతాయి. ఒక్కసారి అక్కడ ఇంజను ఆపి, చప్పుడు లేకుండా కూర్చోవాలి. ఇంతకాలం గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషికి అంతకంటే పెద్ద ఆశ లేదు.

మెకానిక్ యాదగిరి వచ్చి పడవ అడుగు తట్టి చూశాడు.

"ట్యాంకు అడుగుల కలిపి కట్టిండ్రు సేటూ. పైకి కనబడదు, చెయ్యి పోదు."

"కారితే కింద తడి ఉండాలె గద?"

"రెండు పొరల నడుమ కారితే కిందికెట్ల వస్తది? అండ్లనే నిలుస్తది."

"అయితే బంకుల పోయించుకోని సీదా చెరువుకు పోత. కారేలోపల అటు ఒడ్డుకు పోయి వస్త."

"నడిచెరువుల నిప్పురవ్వ లేస్తే? ఒడ్డు పొంటనైతే దుంకి నడిచొస్తవు. నడిమిట్ల చేపలను పిలుస్తవా?"

రాజేశ్వరి నవ్వింది. "మంచిగ చెప్పినవ్ యాదగిరీ. జర గట్టిగ చెప్పు."

యాదగిరి పెట్రోలు పోసే గొట్టం మార్చాడు. బిగింపులు మార్చాడు. అందిన అతుకులన్నిటికీ సబ్బు రుద్దాడు. అయినా శనివారం ఎంత నింపినా, ఆదివారం పొద్దున ముల్లు పావు దగ్గరే ఉండేది. సారంగపాణి ఒడ్డు వెంబడి చుట్టు తిరిగేవాడు. కట్ట మీద రాజేశ్వరి కొంగు నెత్తిన కప్పుకుని, ఆయన ఎటు తిరిగితే అటు తల తిప్పుతూ కూర్చునేది.

"ఇగ అడుగు కోసుడే," అన్నాడు యాదగిరి ఒకరోజు. "ట్యాంకు బయటికి తీసి చూస్తే చిల్లు ఎక్కడున్నదో తెలుస్తది. పైన వేరే డబ్బా పెట్టుకున్నా, అడుగున నిలిచిన పెట్రోలు తీయక తప్పదు."

"రేపే కొయ్యి."

"ఆషాఢంల ఏం పని మొదలుపెడ్తరు?" అంది రాజేశ్వరి.

ఆషాఢం పోయింది. అల్లుణ్ణి ఒక మాట అడగమంది. అల్లుడు సరేనన్నాడు. వానలు తగ్గనీయమంది. యాదగిరి వచ్చినప్పుడల్లా చాయ ఇచ్చి, ఇంట్లో మిక్సీనో ఫ్యానో బాగు చేయించి పంపేది.

సారంగపాణికి ఓపిక పోయింది.

"నా పడవంటే నీకు కండ్లమంట! నా సావుదాక వాయిదా ఏస్తవా?"

"ఏస్త," అంది రాజేశ్వరి. "ఏమైతది?"

ఆయన ఆ మాటకు ఆమెతో రెండు రోజులు మాట్లాడలేదు. శనివారం మధ్యాహ్నం పంతానికి ట్యాంకు నిండా పోయించుకొచ్చాడు. "సోమవారం మిషను పట్టుకోని రా. ఈసారి ఎవ్వరు అడ్డమొచ్చినా ఆగేది లేదు," అని ఆమెకు వినబడేలా యాదగిరికి ఫోను చేశాడు.

ఆ సాయంత్రమే రాజేశ్వరికి జ్వరం వచ్చింది. దవాఖానలో డెంగీ అన్నారు. ఆదివారం ఆమె కళ్లు తెరిచి, "చెరువుకు పోలేదా?" అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "మంచిగైంది," అంది. ఆ వారం దాటలేదు.

పడవ మీద కప్పిన పట్టాను చలికాలం దాకా ఎవరూ తీయలేదు. ఒకరోజు పొద్దున సారంగపాణే తీశాడు. బ్యాటరీ తగిలించి తాళం తిప్పాడు. తిప్పిన చెయ్యి తీయకుండా ముల్లు వంకే చూశాడు.

ఆయన ముందే కబురు పెట్టి ఉండటంతో, యాదగిరి కోత మిషను పట్టుకుని వచ్చాడు.

"అమ్మ ఉంటే ఇయ్యాల గూడ ఏదో ఒకటి చెప్పి ఆపుతుండె సేటూ," అన్నాడు. "ఎక్కడికెల్లి కొయ్యాలె?"

"వద్దు."

"వద్దా? మరి కబురెందుకు పెట్టినవ్?"

"పొద్దున దాక కోయించాలనే ఉండె."

"కారే ట్యాంకును ఎన్ని దినాలని ఉంచుతవ్? అటు ఒడ్డుకు పోవా?"

 సారంగపాణి పట్టాను మళ్లీ పడవ మీదికి లాగి, అంచులు సరిచేశాడు. యాదగిరి మిషను కింద పెట్టి, రెండో అంచు పట్టుకున్నాడు.

పడవ అడుగు ఇంకా కొయ్యలేదు. అటు ఒడ్డుకు ఆయన ఇంకా పోలేదు.

రాజేశ్వరి పోయినప్పటి నుంచి ట్యాంకులో చుక్క తగ్గలేదు.