నారు వాలిన వైపు

"వారానికే బెత్తెడు పెరిగాయే. మనం కొన్న లైటు మంచిదే," అంది అత్తగారు టమాటా నారు తడుముతూ. ఆపరేషనైన కళ్లకి కట్టు ఇంకా విప్పలేదు.

నారు కోసం కొన్న పెద్ద లైటు పక్కగదిలో కోడలి కుట్టుమిషను మీద వెలుగుతోంది. జాకెట్లు గుట్టపడ్డాయి, అత్తగారికెలాగూ కనబడదు కదా అనుకుంది. నారు ట్రే మీద పాత బెడ్‌లైటు తగిలించింది.

అత్తగారి వేళ్లు ఆగాయి. "కాడలు దారప్పోగుల్లా ఉన్నాయి. నీళ్లెక్కువయ్యాయేమో. పొయ్యి పొయ్యి అని నేనే నీ ప్రాణం తోడేశాను."

"మీ తప్పేం లేదత్తయ్యా," అంది కోడలు.

వేళ్లు ట్రే చివరిదాకా వెళ్లాయి. "అన్నీ ఒకవైపే వాలాయేమిటే? అటు తలుపు కదూ?"

"ఊఁ."

"తలుపవతల నీ మిషను."

కోడలికి తల కొట్టేసినట్టయింది. "ఇప్పుడే లైటు తెచ్చి పెట్టేస్తానత్తయ్యా."

"వద్దు. ట్రేనే అక్కడికి తీసుకెళ్లు." అత్తగారు గొంతు తగ్గించింది. "ట్రేకి చిన్నది చాలని షాపతను చెప్తున్నా పెద్దదే కావాలన్నాను, గుర్తుందా? నీ మిషను పక్కన పెడితే నారుకీ నీకూ సరిపోతుందనే. గుడ్డి వెలుగులో కుట్టి కుట్టి నువ్వూ నాలా కట్టు కట్టించుకుంటావని భయం. ఆపరేషను గాభరాలో నీకు చెప్పడం మరిచాను, తప్పు నాదే."

కోడలు ట్రే ఎత్తింది. తలుపు దాటుతుంటే సన్నటి కాడలన్నీ ఊగాయి.