ఇంకొక్క సీజన్ ఆగండి

"మళ్లీ ఓడిపోయాను మాస్టారూ. ఏడు గోల్స్ తేడా," అంది రౌషన్ ఫోనులో.

"ఏడా!" తొలెగెన్ నెత్తి కొట్టుకున్నాడు. లోపల మాత్రం హమ్మయ్య అనుకున్నాడు. "ఎందుకు ఓడారో చెప్పండి, చూద్దాం."

"ఏమో. గోల్‌కీపర్ కునుకు తీశాడేమో."

"కంప్యూటర్ బొమ్మ కునుకు తీస్తుందా అండీ? ముందురోజు ఆడినవాణ్నే మర్నాడూ దించారు. అలసిపోయాడు వెధవ."

"అయ్యో, వాడికీ అలుపుంటుందా!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు కోసమే తొలెగెన్ ఆదివారం పొద్దున్నే లేచి గడ్డం గీసుకుంటాడు. ఫోనులో గడ్డం కనబడదని తెలియక కాదు.

ఉస్కెమెన్ ఊళ్లో మంచు హాకీ అంటే చెవి కోసుకుంటారు. మోకాళ్లు అరిగి మంచు మీదికి దిగలేనివాళ్లు కంప్యూటర్లో జట్లు నడుపుతారు. ఆటగాళ్లను కొనడం, అమ్మడం, ఎవర్ని ఎప్పుడు దించాలో రాసి పంపడం వీళ్ల పని. మ్యాచ్ మాత్రం కంప్యూటరే ఆడేస్తుంది. అలా పద్నాలుగు జట్లతో నడిచే ఆన్‌లైన్ లీగులో తొలెగెన్‌కూ ఒక జట్టుంది.

ఆ లీగులోకి కొత్తవాళ్లను నేరుగా రానివ్వరు. ముందు ఇంట్లో ఒంటరిగా ఆడాలి. పాతవాళ్లలో ఒకరు వారానికోసారి ఫోనులో నేర్పాలి. ఆయన సరేనన్నాకే పేరూ ఫోను నంబరూ నమోదు చేస్తారు. చేరాక మాత్రం ఒకరితో ఒకరు మాట్లాడటానికి వీల్లేదు. వెనకటికి ఇద్దరు ఫోనులో కూడబలుక్కుని, మంచి ఆటగాళ్లను చేతులు మార్చుకుని, మిగతావాళ్ల కొంప ముంచారట. అప్పట్నుంచీ మాట్లాడితే జట్టు ఊడుతుంది. అందరికీ జట్ల పేర్లే తెలుసు తప్ప వాటి వెనక ఏ మనిషి ఉన్నాడో తెలియదు.

కొత్తవాళ్లకు నేర్పుతానని లీగు పేజీలో తొలెగెన్ ప్రకటన పెడితే రౌషన్ ఒక్కతే పలికింది. అది జరిగి తొమ్మిది నెలలైంది.

"ఇవాళేం తిన్నారు?" అడిగింది రౌషన్.

"ఏముంది, ఫ్రిజ్‌లో గడ్డకట్టిన పెల్మెనీలు, అవే మాంసం కుడుములు. నీళ్లలో వేస్తే అవే ఉడికాయి."

"పోయిన వారమూ అవేగా! మనిషన్నాక ఒక కూరగాయ ముక్కయినా కనబడాలి పళ్లెంలో."

ఇంత మాట అడిగేవాళ్లు తొలెగెన్‌కి లేక ఆరేళ్లు. భార్య రాజధాని అస్తానాలో వేరే కాపురం పెట్టుకుంది. వారమంతా లిఫ్టులు బాగుచేస్తాడు. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ అతన్ని అడిగేది ఒకటే: ఎంతసేపట్లో అవుతుందని.

"మాస్టారూ, నేనెప్పుడు చేరొచ్చంటారు?"

ప్రతి ఆదివారం వచ్చే ప్రశ్నే. తొలెగెన్ గొంతు సవరించుకున్నాడు. "ఎందుకు ఓడారో మీ అంతట మీరు చెప్పగలిగిన రోజు. అంతకుముందు చేరితే నమిలి మింగేస్తారు. ఇంకొక్క సీజన్ ఆగండి."

"సరే, మీరు చెప్పాక అప్పీలేముంది," అంది రౌషన్ బుద్ధిగా.

తొలెగెన్‌కి మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. లీగు నడిపే దియాస్ కుర్రాడు నిన్ననే ఫోను చేసి దులిపేశాడు. "ఒక జట్టు ఖాళీ అయిందన్నా. రేపటితో ఆఖరు. ఎవరైనా రెండు నెలల్లో నేర్చుకుంటారు, నీ శిష్యురాలికి తొమ్మిది నెలలేంటి? ప్రసవమా?" అని.

మాట మార్చడానికి తన గోడు ఎత్తుకున్నాడు. "నాదీ ఏం బాగాలేదులెండి. నిన్న ఆఖరి పది నిమిషాల్లో మూడు గోల్స్ ఇచ్చేశాను."

"ఇవ్వరా మరి? మూడో వరస ఆటగాళ్లని ఒక్కసారీ దించలేదు. మొదటి వరసవాళ్లు నాలుక బయటపెట్టేశారు. అక్కడే పోయింది మ్యాచ్."

చటుక్కున ఆగిపోయింది రౌషన్.

తొలెగెన్ చేతిలో టీ చల్లారుతోంది. తప్పు అచ్చంగా అదే. రాత్రంతా బుర్ర బద్దలుకొట్టుకున్నా అతనికి తట్టనేలేదు.

"నిన్నటి మ్యాచ్ చూశారా?"

"ఫలితాలు అందరికీ కనిపిస్తాయి కదండీ... ఏదో నోటికొచ్చింది అనేశాను."

నోటికొచ్చేది కాదది. ఈమె ఎప్పుడో సిద్ధమైంది. ఆదివారం ఒక గొంతు వినబడాలన్న స్వార్థంతో తనే గడప దాటనివ్వకుండా కాళ్లకడ్డం పడుతున్నాడు. ఛీ, ఇదేం బతుకు అనిపించింది.

"రౌషన్ గారూ, మీరు చేరొచ్చు. ఒక జట్టు ఖాళీగా ఉంది. ఇప్పుడే మీ పేరు పంపిస్తాను."

"వద్దు వద్దు! నాకింకా ఏమీ రాదు. ఇందాక ఏడు గోల్స్‌తో ఓడానన్నాను కదా?"

"వస్తుంది. నేనే రాదన్నాను. తప్పు నాది."

"తొందరేముంది మాస్టారూ? ఇంకొక్క సీజన్... చేరితే మాట్లాడకూడదట కదా."

"అవును. మాట్లాడకూడదు."

అటు కెటిల్ కూత పెట్టింది. ఆమె లేచి కట్టేయలేదు. చాలాసేపు అది కూస్తూనే ఉంది.

"కూరగాయలు తినండి," అని ఫోను పెట్టేసింది రౌషన్.

తొలెగెన్ ఆమె పేరూ నంబరూ దియాస్‌కి పంపి, చల్లారిన కప్పు ముందు కూర్చున్నాడు. వచ్చే ఆదివారమంటూ ఇక లేదు. ఏడుపొచ్చినంత పనైంది.

ఐదు నిమిషాల్లో ఫోను మోగింది. ఆమేనేమోనని అందుకున్నాడు. దియాస్.

"అన్నా, ఎవరన్నా ఈవిడ? ఇది కొత్త నంబరు కాదే!"

"అంటే?"

"ఆవిడ నాలుగేళ్లుగా మన లీగులోనే ఆడుతోందన్నా."