ఆకులు కుట్టే పిట్ట

కనుబొమ్మ మీద చర్మం రెండుగా విచ్చుకుంది. నెత్తురు చెవిదాకా కారి గడ్డకట్టింది. బల్ల మీద పడుకున్న ఆవిడ మొహాన్ని నర్సు దూదితో తుడుస్తోంది. ఆ క్లినిక్‌లో నర్సుకి అదే మొదటి రోజు. ఇలాంటి దెబ్బలు మాత్రం కొత్త కాదు.

"ఎలా తగిలిందమ్మా?"

"పెరట్లో ఆకులు కుట్టే పిట్ట గూడు కడుతోంది. చూద్దామని వంగితే కాలు జారి కుళాయి మీద పడ్డాను."

"మరి ఈ మణికట్టు వాపు?"

"అది పిగిలిపిట్ట కోసం. కంచెలో పుల్లలకి సాలీడు దారాలు చుట్టి, చిన్న గిన్నెలా అల్లుకుంది. నిచ్చెన ఎక్కబోయి పడ్డాను."

"నెత్తిమీద ఈ పాత మచ్చ?"

"కాకి. ఇనపతీగ ముక్కలన్నీ ఏరుకొచ్చి గూడు కట్టింది. దగ్గరికెళ్తే పొడిచేసింది."

నర్సు ఆమె మెడ మీది గుడ్డ జరిపింది. గొంతు చుట్టూ నల్లగా కమిలిన వేళ్ళ గుర్తులు.

"మీ పెరట్లో పిట్టలకి ఐదేసి వేళ్ళుంటాయా?"

ఆమె గుడ్డని మళ్ళీ మెడ మీదికి లాక్కుంది.

డాక్టరు గ్లవ్స్ తొడుక్కుంటూ వచ్చాడు. గాయం చూసి నిట్టూర్చాడు. "ఈసారి ఏ పిట్ట?" అన్నాడు మెత్తగా.

సూది దగ్గరికి రాగానే ఆమె బిగుసుకుపోయింది. నర్సు చేతిని గట్టిగా పట్టుకుని అంది: "ఆ కుట్టే పిట్ట ఆకు అంచున ముక్కుతో బెజ్జాలు పొడుస్తుంది సిస్టర్. పీచు దూర్చి లాగుతుంది. ఆకు మాత్రం చావదు. పచ్చగా ఉండగానే కుట్టేస్తుంది."

నర్సుకి ఒళ్ళు మండిపోయింది. "నీ మొగుడెవడో చెప్పమ్మా! ఇప్పుడే పోలీసులకి ఫోన్ చేస్తా."

"పేషెంటుని హైరానా పెట్టకండి," అన్నాడు డాక్టరు. "మీరు కాసేపు బయటుండండి. నేను చూసుకుంటాను."

నర్సు స్టీలు ట్రే పట్టుకుని బయటికి రాగానే వెనక తలుపు గడియ పడింది.

వరండాలో బెంచీ మీద ఒక బండమనిషి కూర్చున్నాడు. చొక్కా చేతుల మీద నెత్తురు ఇంకా తడిగానే ఉంది.

"లోపలున్న ఆవిణ్ణి తెచ్చింది నువ్వేనా?"

"నేనేనండీ. ఎలా ఉన్నారు?"

నర్సు అతని చెంప పగిలేలా కొట్టింది. అతను లేవబోతే చేతిలోని స్టీలు ట్రేతో మొహం మీద బాదింది. పెదవి చిట్లింది. "నీ చేతులు పడిపోను! పీక పిసికి పైగా ఎలా ఉందని అడుగుతావా?" అంటూ మళ్ళీ మళ్ళీ బాదింది. అతను చెయ్యి అడ్డం పెట్టుకున్నాడే గాని తిరిగి ఎత్తలేదు. ఆమెకి రొప్పు వచ్చి ఆగింది.

అతను నోట్లోని నెత్తురు ఉమ్మేసి, మూసి ఉన్న తలుపు వైపు భయంగా చూశాడు.

"నేను డ్రైవర్నమ్మా, లోపల అమ్మగారికి కుట్లేస్తున్న ఆయనే ఆవిడ మొగుడు."